మూడో వరసలో ఖాళీ

ఇగ్నాత్ సావిచ్‌ని ముఖం మీద అబద్ధాలకోరు అని ఎవరూ అనలేదు. అని ఉంటే నేను ఊరుకునేదాన్నీ కాదు. నవ్వేవాళ్ళు, అంతే. ప్రతి శనివారం మా సంస్కృతి భవనంలో మెట్ల కింద గదిలో, అంతరిక్షానికి వెళ్ళొచ్చినవాళ్ళ సంతకాలు పోగుచేసుకునే పిచ్చివాళ్ళమంతా కలుస్తాం. ఎవరైనా పాత అంతరిక్ష స్టేషన్ల కాలం నాటి తపాలా కవరు బయటికి తీశారంటే చాలు, ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, మూడో వరస చూడండి, నా పేరుందేమో అనేవాడు. చూసేవాళ్ళు. ఉండేది కాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని మీసాల చాటున నవ్వుకునేవాళ్ళు. ఆయనా వాళ్ళతో పాటు నవ్వేసేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను పళ్ళ డాక్టర్ని. వ్యోమగాములకి శిక్షణ ఇచ్చే మా నక్షత్ర పట్నం ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. పైకి వెళ్ళేముందు ఒక్క పన్ను పుచ్చి ఉన్నా ఒప్పుకోరు కాబట్టి, గొప్ప గొప్ప వీరులందరూ నా కుర్చీలో నోరు తెరుచుకుని బిక్కుబిక్కుమంటూ పడుకున్నవాళ్ళే. అందుకేనేమో నాకు ఎవరన్నా భయం లేదు, నోటి దురుసు మాత్రం ఉంది. పన్ను బాగుచేసినందుకు వాళ్ళిచ్చిన ఫొటోలూ కవర్లతోనే నా ఆల్బం మొదలైంది. ఇగ్నాత్ సావిచ్ కూడా నా రోగే. కొరబ్లిన్ ఆయన ఇంటిపేరు. శిక్షణంతా పూర్తిచేసి, అన్ని పరీక్షలూ గట్టెక్కి, చివరికి పైకి మాత్రం వెళ్ళనివాడు.

డెబ్భైల చివర్లో రొదియోన్ తుచ్కొవ్ జట్టు స్టేషన్‌కి వెళ్ళినప్పుడు రిజర్వు జట్టుకి ఈయనే కమాండర్. అసలు వాళ్ళకి జలుబు చేసినా, కాలు బెణికినా వీళ్ళు ఎక్కాలి. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి వంతు ఈయనదే అన్నారు. ఆ తర్వాతి వైద్య పరీక్షలో ఈయన గుండె చప్పుడులో ఏదో తేడా వినిపించిందట, పక్కన పెట్టేశారు. ఈయన కింద ఇంజినీరుగా ఉన్న కుర్రాడు వేరే కమాండర్‌తో వెళ్ళి, పతకం తగిలించుకుని వచ్చాడు. ఇగ్నాత్ సావిచ్ ఇక్కడే ఉండిపోయి, రాబోయే జట్లకి పాఠాలు చెప్పి రిటైరయ్యాడు.

ఆయనకి మిగిలింది ఒకే ఒక్క మాట. రాకెట్ ఎక్కడానికి కొద్దిరోజుల ముందు రెండు జట్లనీ బయటివాళ్ళెవరితోనూ కలవనివ్వకుండా ఒకచోట ఉంచుతారు. అప్పుడు ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి కవర్ల కట్టలు ముందు పెడతారు. మొదటి వరసలో కమాండర్, రెండో వరసలో ఇంజినీరు, మూడో వరసలో రిజర్వు కమాండర్, నాలుగో వరసలో రిజర్వు ఇంజినీరు సంతకాలు పెట్టాలి. వాటిలో చాలావరకు కింద ఉండిపోతాయి. ఒక చిన్న కట్ట మాత్రం కమాండర్ తన సామానులో పెట్టుకుని పైకి తీసుకెళ్ళి, స్టేషన్ ముద్ర కొట్టి, తిరిగి తెస్తాడు. ఆ చిన్న కట్టలో ప్రతి కవరు మీదా తాను సంతకం పెట్టానని ఇగ్నాత్ సావిచ్ అంటాడు.

"నేను వెళ్ళలేదు. నా చేతిరాత వెళ్ళింది. అది చాలు నాకు. కానీ ఒక్కటంటే ఒక్కటి కళ్ళతో చూసి పోవాలి."

ఆ మాట నాతో ఎన్నిసార్లు అన్నాడో. పైకి వెళ్ళొచ్చిన కట్ట తుచ్కొవ్ దగ్గరే ఉండేది. తొంభైల మొదట్లో తుచ్కొవ్ పోయాక ఆ కవర్లు ఎలాగో విదేశాలకి చేరాయి. తర్వాత ఒక్కొక్కటే చేతులు మారుతూ మళ్ళీ మా దేశానికి రావడం మొదలైంది. వచ్చిన ప్రతిదాని మీదా మూడే సంతకాలు. కమాండర్ ఉన్నాడు, ఇంజినీరు ఉన్నాడు, తర్వాత వేలెడు ఖాళీ, ఆ కింద రిజర్వు ఇంజినీరు.

మా క్లబ్బుకి పెద్ద బొగ్దాన్ అని ఒకాయన ఉన్నాడు. సంతకం అసలుదో నకిలీదో ఆయన నోట వచ్చిందే తీర్పు. ఆయన తేల్చి చెప్పిందేమిటంటే, ఆ చిన్న కట్ట మీద సంతకాలు పెట్టేనాటికే ఇగ్నాత్‌ని పక్కన పెట్టాలని పైవాళ్ళు గుట్టుగా తేల్చుకుని ఉంటారు, అందుకే ఆ వరస వదిలేశారు, పాపం ముసలాయన కింద ఉండిపోయిన కట్టలతో కలిపి గుర్తుపెట్టుకుంటున్నాడు అని. అందరూ తల ఊపారు. నిజం చెప్పొద్దూ, నేను కూడా లోపల్లోపల అదే అయ్యుంటుందని అనుకున్నాను. పైకి మాత్రం బొగ్దాన్‌తో పోట్లాడాను.

తుచ్కొవ్ భార్య నెల్లీ జఖారొవ్నా ఆ క్లబ్బులో మాకు టీ పోస్తుంది. పెద్ద కమాండర్ భార్య కదా, మా వాళ్ళు ఆమెని నెత్తిన పెట్టుకుంటారు. ఇగ్నాత్ సావిచ్ ఉండే మెట్ల వరసలోనే ఒక అంతస్తు కింద ఉంటుంది. ఆయన భార్య పోయిన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం మూత పెట్టిన గిన్నెలో సూప్ తీసుకుని పైకి వెళ్ళేది. ఆయన బదులుగా ఆమె కుళాయి బాగుచేసేవాడు, చలికాలానికి బంగాళాదుంపలు మోసిపెట్టేవాడు. ఇద్దరూ కలిసి టీవీ ముందు కూర్చుని వార్తలు చదివేవాళ్ళని తిడుతూ ఉండేవాళ్ళు. ఊళ్ళో కొందరు వాళ్ళ గురించి చెవులు కొరుక్కున్నారు. నేను మాత్రం బాగానే ఉందిలే, ఒకరికొకరు తోడు అనుకున్నాను.

ఈ చలికాలం నెల్లీ కట్టుడుపళ్ళు వదులైతే వాళ్ళింటికి వెళ్ళి సరిచేసి పెట్టాను. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె బీరువా ముందు నిలబడి ఉంది. దిండు గలీబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. స్టేషన్ ముద్ర ఉన్నది, తుచ్కొవ్ పైకి తీసుకెళ్ళిన కట్టలోది.  ఇదొక్కటే మిగిలిందనీ, ఇగ్నాత్ ఎనభయ్యో పుట్టినరోజుకి ఇవ్వమనీ, తానిచ్చినట్టు మాత్రం చెప్పొద్దనీ అంది. మీరే ఇవ్వొచ్చుగా అంటే, నా చేత్తో వద్దులే అంది. ఆత్రంగా మూడో వరస చూశాను. ఖాళీ. మిగతావాటిలాగే ఇదీను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముసలాయనకి ఇది చూపిస్తే సంతోషపెట్టినట్టా, పొడిచినట్టా?

ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఎలాగూ చోటుంది కదా, ఆయన చేతే సంతకం పెట్టిస్తే పోలా? పైకి వెళ్ళొచ్చిన కవరే, ఆయన వరసే, ఆయన చెయ్యే. కొంచెం ఆలస్యమైంది, అంతేగా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఆయన ఇంట్లో నలుగురమే కూర్చున్నాం. నేనూ, బొగ్దానూ, నెల్లీ, ఆయనా. నెల్లీ పొద్దుట్నుంచీ వంటింట్లోనే ఉండి క్యాబేజీ కూరిన బన్నులు, హెర్రింగ్ చేప సలాడ్ చేసిపెట్టింది. బొగ్దాన్ మంచి కోన్యాక్ సీసా తెచ్చాడు. ఇగ్నాత్ సావిచ్ పాత యూనిఫారం కోటు వేసుకుని బొత్తాలు పట్టక తంటాలు పడుతుంటే అందరం ఏడిపించాం. రెండు గుక్కలయ్యాక నేను లేచి, కవరు ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ముద్ర చూశాడు, తుచ్కొవ్ సంతకం చూశాడు, వేలు మెల్లగా కిందికి దింపి మూడో వరస దగ్గర ఆపాడు. ఆ ముఖంలో వెలుగు అలాగే జారిపోయింది. అయినా మర్యాద తప్పే మనిషి కాదు, చాలా గొప్ప బహుమతి రిమ్మా, ఎక్కడ దొరికింది అని అడిగాడు. ఎక్కడో దొరికిందిలెండి అన్నాను. అని, ఆయన సిరా పెన్ను తీసి చేతిలో పెట్టాను.

"పెట్టండి. మీ వరసలో మీ సంతకం పెట్టండి. ఇప్పుడు ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను."

బొగ్దాన్ ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళ తర్వాత సంతకం చేర్చడమంటే కవరుని చేతులారా చంపుకోవడమేనన్నాడు. నా కవరు, నా ఇష్టం, మీరు బన్ను తినండి అన్నాను. అప్పుడు నెల్లీ కూడా కుర్చీలోంచి లేచింది. వద్దు రిమ్మా, పాడైపోతుంది, దాన్ని అలాగే ఉంచండి అంది.  ఈవిడకీ మధ్యలో ఏం పోయేకాలం అనుకుని, మీరు కూర్చోండి అని కసిరాను. ఇగ్నాత్ సావిచ్ మా ముగ్గుర్నీ చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆయనకి పెట్టాలనే ఉంది. కవరు దగ్గరికి లాక్కుని, మొదటి అక్షరం రాశాడు.

సిరా పాకింది. తువ్వాలు మీద పడ్డ చుక్కలా నలుదిక్కులా పాకి, అక్షరం కాస్తా నీలి మచ్చ అయిపోయింది. ఆయన కంగారుపడి పెన్నుని తిట్టుకుంటూ పక్కనున్న పేపరు అంచున గీసి చూశాడు. శుభ్రంగా రాసింది. కవరు అంచున చిన్న గీత గీశాడు. అక్కడా శుభ్రంగానే ఉంది. మూడో వరసలో మాత్రమే పాకింది.

బొగ్దాన్ ముఖం మారిపోయింది. కవరు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు, వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి కవర్లు ఆయన చేతిలోంచి వెళ్ళాయి, నా చేతిలోంచీ వెళ్ళాయి. భూతద్దం పెట్టి ప్రతి సంతకాన్నీ అణువణువూ చూశాం, వంపులు చూశాం, ఒత్తిడి చూశాం. అదంతా సంతకం ఉన్నచోటే. ఏమీ లేనిచోట భూతద్దం పెట్టి చూడాలని మాలో ఒక్క మేధావికీ తోచలేదు. ఖాళీ చోటుకి నకిలీ ఉండదు కదా అనుకున్నాం.

"గీకేశారు" అన్నాడు బొగ్దాన్. "కాగితం పైపొర లేదు. ఇక్కడ రాత ఉండేది."

 ఇగ్నాత్ సావిచ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావి కూడా అంతేనా అని అడిగాడు. బొగ్దాన్ తన దగ్గర రెండున్నాయనీ, చూడాలనీ, అంతే అయ్యుంటుందనీ ఒప్పుకున్నాడు. నాకు కోపం కట్టలు తెంచుకుంది. అమ్ముకునే దళారీ వెధవలు, చేతులు పడిపోను, బతికున్న మనిషి పేరు గీకేస్తారా అని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను. ఎవడి దగ్గర కొన్నారో చెప్పండి రిమ్మా, వాడి సంగతి శనివారం తేలుద్దాం అన్నాడు బొగ్దాన్.

చెప్పబోయి ఆగిపోయాను. ఇది ఏ దళారీ చెయ్యీ పడనిది. తుచ్కొవ్ సామానులో కిందికి దిగింది, ఆయన బీరువాలో ఉంది, దిండు గలీబులోంచి నా చేతికొచ్చింది.  నెల్లీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

ఆమె నన్ను ఇబ్బంది పెట్టలేదు.

"నా దగ్గరదే, ఇగ్నాత్" అంది. "నేనే గీకాను. అన్నీ నేనే గీకాను."

తర్వాత ఆగకుండా చెప్పుకుపోయింది. తన భర్త రొదియోన్ పోయిన ఆ చలికాలం పెన్షన్ రొట్టెకి కూడా వచ్చేది కాదట. విదేశీ వాడొకడు వచ్చి కట్టంతా కొంటానన్నాడట. కానీ పైకి వెళ్ళినవాళ్ళ పేర్లే కావాలి, వెళ్ళనివాడి పేరుంటే మా దగ్గర ఎవరూ ముట్టుకోరు అన్నాడట. అన్నీ గీకి, కట్టంతా అమ్మినా ఈ ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదట. ఎందుకో ఇప్పటికీ తెలియదంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

"శనివారాలు వాళ్ళు నన్ను చూసి నవ్వుతుంటే నువ్వు అక్కడే ఉన్నావు" అన్నాడు ఇగ్నాత్ సావిచ్.

"ఉన్నాను."

"టీ పోస్తున్నావు."

"చెబితే కొన్నవాళ్ళు మీద పడతారని మొదట్లో భయం. తర్వాత నీ ముఖం చూసి చెప్పలేకపోయాను. రోజూ చెబుదామనే మెట్లెక్కేదాన్ని."

ఆయన కవరు ముందుకి లాక్కుని ఆ మచ్చని చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను, నాకున్న కోపంలో సగమైనా ఉంటుందేమోనని. కనిపించలేదు. నా సంతకం తేలిగ్గానే పోయిందా అని అడిగాడు. ఏ మనిషైనా అడిగే ప్రశ్నేనా అది?

"లేదు" అంది నెల్లీ. "రొదియోన్ గడ్డం బ్లేడుతో గీకాను. చాలా కష్టమయ్యింది. నువ్వు బాగా నొక్కి రాశావు."

ఇగ్నాత్ సావిచ్ తల వంచుకున్నాడు. వెళ్ళిందన్నమాట, అయితే నేను చెప్పింది నిజమేనన్నమాట అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. ఆ మాట కోసం ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషి, అది దొరికిన రోజున అంత చిన్న గొంతుతో అంటాడని నేను అనుకోలేదు.

బొగ్దాన్ గొంతు సవరించుకుని, వచ్చే శనివారం అందరి ముందూ లేచి నిలబడి క్షమాపణ చెబుతానన్నాడు. పాపం ఆయనకీ ముఖం చెల్లడం లేదు. ఎలా గీకారు, ఎవరు గీకారు అని అడిగితే ఏం చెబుతావని ఇగ్నాత్ సావిచ్ అడిగాడు.  తుచ్కొవ్ కట్ట తుచ్కొవ్ ఇంట్లోంచే వచ్చిందని ప్రతివాడికీ తెలుసు.

"ఏమీ చెప్పొద్దు. వాళ్ళు నవ్వితే నాకేం కాదు, అలవాటే. ఈవిడ రేపు మళ్ళీ ఈ ఊళ్ళోనే రొట్టె కొనుక్కోవాలి. రిమ్మా, నీకే చెబుతున్నాను, నీ నోరు నాకు తెలుసు."

 నెల్లీకి ఊపిరి వచ్చినట్టయింది. కళ్ళు తుడుచుకుని, ఆయన పళ్ళెం ఖాళీగా ఉండటం చూసి, అలవాటు ప్రకారం గరిటె అందుకుంది. రేపు ముల్లంగి సూప్ చేసుకొస్తాను, నీకిష్టం కదా అంది. నిజంగా మామూలుగానే అంది, ఏమీ జరగనట్టు.

ఇగ్నాత్ సావిచ్ లేచాడు. నడవలోకి వెళ్ళి ఆమె కోటు తెచ్చాడు. ఎప్పట్లాగే వెనకనుంచి పట్టుకుని ఆమె చేతులు దూర్చుకునేదాకా ఆగాడు, మెడ దగ్గర మడత సరిచేశాడు. ఒక్క అంతస్తు కిందికి పోవడానికి కోటెందుకని ఆమె అడగలేదు. అప్పటికే అర్థమైనట్టుంది.

"రేపు రావద్దు, నెల్లీ" అన్నాడు. "ఎల్లుండి కూడా రావద్దు."

ఎప్పుడు రమ్మంటావని ఆమె అడిగింది. ఆయన చప్పుడు కాకుండా తలుపు వేశాడు.

బొగ్దాన్ కూడా కోటు వేసుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా వెళ్ళిపోయాడు. నేను పళ్ళేలు తీసి కడిగాను. వచ్చి చూసేసరికి ఆయన కవరుని మళ్ళీ పేపరులో చుట్టేస్తున్నాడు. ఎక్కడ పెట్టుకుంటారు, చట్రం కట్టించనా అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"నాకొద్దు. వెళ్తూ ఆమెకిచ్చెయ్యి. రొదియోన్ తెచ్చుకున్నది కదా."

"బతుకంతా దీనికోసమే వెతికారు కదండీ!"

"చూశాను" అన్నాడు. అని, పొట్లం నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి నెల్లీ రోజూ సూప్ తెచ్చే మూత గిన్నెని కడిగి తుడిచి, అది కూడా నా చేతిలో పెట్టాడు.

మెట్లు దిగాను. నెల్లీ ఇంకా తన గుమ్మం ముందే నిలబడి ఉంది, తాళం కూడా తియ్యలేదు. ఆమెని నాలుగు మాటలు కడిగెయ్యాలని పైనుంచే కూడబలుక్కుంటూ వచ్చాను. ఆమె నా చేతిలోని పొట్లం చూడనేలేదు, గిన్నె చూసింది. చూసి, అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.